ఉన్న హాట్ హ్యాచ్‌కి మార్పులు చేయించాలా, బండే మార్చేయాలా? డెల్టాలో నడిపేవాళ్ళకి ఓ పోలిక

పోలో జీటీ, బలెనో ఆర్ఎస్, అబార్త్ పుంటో, టియాగో జేటీపీ, ఐ20 ఎన్ లైన్. హాట్ హ్యాచ్‌లంటే ఇలాంటివే, చిన్న బాడీలో గట్టి ఇంజన్ పెట్టిన బండ్లు. భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడ వైపు ఈ బండ్లు మరీ ఎక్కువ కనిపించవు గానీ, ఉన్నవాళ్ళు వాటిని ప్రాణంగా చూసుకుంటారు. అయిదారేళ్ళు తిరిగేసరికి వాళ్ళందరికీ ఒకటే సందేహం మొదలవుతుంది. పికప్ మునుపటిలా లేదు. ముందు చక్రాల దగ్గర ఏదో టకటకమంటోంది. బావమరిది కొత్త బండేసుకుని సంక్రాంతికి దిగాడు. చేతిలో ఓ రెండు లక్షలున్నాయి. వాటిని ఉన్న బండి మీదే పెట్టి రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ లెక్కలు మార్చి పవర్ పెంచడం), టైర్లు, షాకబ్జార్లు చేయించుకోవాలా? లేక దీన్ని ఇచ్చేసి, కొంత లోన్ పెట్టి ఇంకోటి తెచ్చుకోవాలా?

దీనికి దొరికే సలహాలు చాలావరకు బెంగళూరు, పుణె, కోయంబత్తూరు వాళ్ళవి. అక్కడ ట్యూనింగ్ చేసే షాపు ఊళ్ళోనే ఉంటుంది, గాలిలో ఉప్పుండదు. మన సంగతి వేరు. ఇక్కడ రాసేదంతా బండిని గోదావరి డెల్టాలో ఉంచుకుని, డెల్టాలోనే ఎక్కువగా తిప్పేవాళ్ళ కోసం.

నా మాట ముందే చెప్పేస్తాను. మార్పులా, మార్చడమా అని తేల్చేముందు బండిని కొన్న కొత్తలో ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురండి. ఒకటి రెండు నెలలు నడపండి. అప్పటికీ మీకు ఏం వెలితిగా ఉందో చూస్తే జవాబు దానంతటదే బయటపడుతుంది.

## వేటిని బట్టి తేల్చుకోవాలి

రోడ్డు. అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. డెల్టా అంతా బల్లపరుపు నేల, కాలవ వెంబడి రోడ్డు తిన్నగా పోతుంది. తిన్నగా ఉంది కదా అని సాఫీగా ఉంటుందనుకోకూడదు. గట్టు రోడ్ల కింద ఉండేది ఒండ్రుమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, పైనుంచి రొయ్యల లారీలూ ధాన్యం ట్రాక్టర్లూ తొక్కుతుంటాయి. దాంతో తారు మీద పొడవాటి అలలు లేస్తాయి. షాకబ్జార్లు అరిగిన బండి అరవై దాటితే అక్కడ పంటు ఎక్కినట్టు ఊగుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే కాలవ మీద వంతెన, దాని మీద ఎత్తు. ఆ తర్వాత ఊరు, ఊరికి ఎవరి కొలత వాళ్ళదే అయిన స్పీడ్ బ్రేకరు. రోడ్డు అంచు దాటితే ఒకవైపు కాలవ, ఇంకోవైపు చేను.

బండిని కాస్త పరుగెత్తించగలిగే చోట్లు కొన్నే. పాత ఐదో నంబరు రోడ్డు, అంటే ఇప్పటి 16, ఒకటి. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216లో కొన్ని భాగాలు. మలుపుల సరదా కావాలంటే గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాల్సిందే. పవర్ మీకు ఎప్పుడో ఓసారి అక్కరకొస్తుంది. బ్రేకులూ, టైర్లూ, షాకబ్జార్లూ కిలోమీటరు కిలోమీటరుకీ పనిచేస్తూనే ఉంటాయి. డబ్బు పెట్టే వరస కూడా అలాగే ఉండాలి.

తుప్పు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, ఉప్పాడ దగ్గర ఉండేవాళ్ళకి సముద్రపు గాలి ఎలాగూ తప్పదు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో కూడా ఇప్పుడు రొయ్యల చెరువులున్నాయి, చెరువు గట్ల మీద బండి పెట్టుకునేవాళ్ళున్నారు, నీళ్ళు కారుతూ పోయే లారీల వెనక నడిచే బండ్లున్నాయి. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి కింద చూడండి. జాకీ పెట్టే చోటు, తలుపుల కింది అంచు, వెనక యాక్సిల్ బీమ్, స్ప్రింగ్ కూర్చునే గిన్నె, బ్రేక్ పైపులు, ముందు సబ్‌ఫ్రేమ్. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గీకండి. ఎర్రటి పొడి రాలి కింద మెరిసే ఇనుము కనిపిస్తే అది పైతుప్పు, శుభ్రం చేయించి అండర్ కోటింగ్ వేయిస్తే ఆగుతుంది. మొన లోపలికి దిగినా, రేకు పొరలుపొరలుగా లేచినా, తట్టినప్పుడు ఇనుప శబ్దం కాకుండా బొక్కి శబ్దం వచ్చినా విషయం వేరు. ఆ బండి మీద రీమ్యాప్‌కి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. బాడీ బలం పోయిన బండికి పవర్ పెంచడం ప్రమాదం.

విడిభాగాలు, చేతిపని. పోలో అమ్మకాలు మన దేశంలో 2022లో ఆగిపోయాయి, కానీ ఆ ఇంజన్ కుటుంబం, కంపెనీ సర్వీసు ఇంకా ఉన్నాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఫియట్ అంతకుముందే తప్పుకుంది. టియాగో జేటీపీ అయితే టాటా, కోయంబత్తూరు జయేం కలిసి చేసిన బండి. మామూలు టియాగో సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి, జేటీపీకే ప్రత్యేకమైనవి మాత్రం వెతుక్కోవాలి. మీ బండికి బాగా చెయ్యి తిరిగిన మెకానిక్ రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉన్నాడా, లేక ప్రతిసారీ విజయవాడకో హైదరాబాదుకో పోవాలా? ఇది ఖర్చు కంటే ఎక్కువ విసిగించే విషయం.

చట్టం, బీమా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. షాకబ్జార్లు, బ్రేక్ ప్యాడ్లు, కంపెనీ కొలతకి దగ్గరి టైర్లు మార్చుకున్నందుకు ఎవరూ ఆపరు. ఇంజన్ మార్చడం, బాడీ ఆకారం మార్చడం, చెవులు చిల్లులు పడే సైలెన్సర్ బిగించడం వేరే కథ. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు బయటికొస్తాయి. ఏం చేయించినా రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దగ్గర పెట్టుకోండి.

ఇంట్లో అవసరం. పిల్లలు పుట్టారా, అమ్మానాన్నలు వెనక సీట్లో కూర్చుని మోకాళ్ళ నొప్పులంటున్నారా? దీన్ని ఏ మార్పూ తీర్చలేదు. ఈ ఒక్క కారణం ఉంటే కింద రాసినదాంట్లో సగం మీకు అక్కర్లేదు, నేరుగా మూడో, నాలుగో దారి చూడండి.

## మొదటి దారి: బండిని మళ్ళీ ఆరోగ్యంగా చెయ్యడం

చాలామంది దీన్ని దారిగానే లెక్కపెట్టరు. కానీ "బండిలో దమ్ము పోయిందండీ" అని వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి కావాల్సింది ఇదే.

టైర్లతో మొదలుపెట్టండి. పక్కన డీఓటీ అనే అక్షరాల తర్వాత చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల ఎంత మిగిలినా, ఆరేళ్ళు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టు తప్పుతుంది. ఆ తర్వాత షాకబ్జార్లు, టాప్ మౌంట్లు, లింక్ రాడ్లు, బుష్‌లు. అన్నీ ఒకేసారి చేయించి అలైన్‌మెంట్ పెట్టించండి. ఒక్కోటీ ఒక్కో నెల మారిస్తే పాతది కొత్తదాన్ని తినేస్తుంది.

బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన గాలిలో తేమకి కొదవ లేదు. తేమ పట్టిన ఆయిల్ మామూలు రోజుల్లో ఏమీ తెలియనివ్వదు. మారేడుమిల్లి ఘాట్ దిగుతూ వరసగా బ్రేకులు వేసినప్పుడు వేడెక్కి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

ఇంజన్ వైపు స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల క్లిప్పులు. గొట్టం ఓ చోట వదులైతే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) లీకై, ఇరవై గుర్రాలు ఎవరో విప్పుకుపోయినట్టుంటుంది. పోలో టీఎస్ఐ, బలెనో ఆర్ఎస్, ఐ20 టర్బో ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి కడుగుడు పడదు. ఇంటి నుంచి బజారుకీ, బజారు నుంచి ఇంటికీ తిరిగే బండ్లలో ఈ మసి తొందరగా పేరుకుంటుంది. దాన్ని తీయించగానే పాత పికప్‌లో మంచి భాగం తిరిగొస్తుంది. అబార్త్, టియాగో జేటీపీ, ఆల్ట్రోజ్ రేసర్ ఇంజన్లలో పెట్రోలు వాల్వుల వెనకే చిమ్ముతుంది, వాటికి ఈ బాధ అంతగా లేదు.

డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్న పాత పోలో జీటీ అయితే క్లచ్ ఎంత మిగిలిందో కంప్యూటర్ పెట్టి చూపించండి. అందులో పెద్ద పని ఉందని తేలితే, ఆ ఖర్చు చూసుకున్నాకే మిగతా వాటికి వెళ్ళండి.

## రెండో దారి: మార్పులు

మొదటి దారి అయ్యాక కూడా "బాగుంది, కానీ ఇంకొంచెం కావాలి" అనిపిస్తే ఇక్కడికి రండి.

టైరు సైజు గురించి కాస్త లెక్క వేసుకోవాలి. 185/60 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 603 మిల్లీమీటర్లు, పక్కగోడ 111. దాని బదులు అదే రిమ్ముకి 195/55 వేస్తే ఎత్తు 595.5కి తగ్గుతుంది, అంటే బండి నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, పక్కగోడ 107 అవుతుంది. 16 అంగుళాల రిమ్ముకి మారి 205/50 వేస్తే మొత్తం ఎత్తు 611, పక్కగోడ 102.5. చూడటానికి నిండుగా ఉంటుంది. కానీ గుంతలో పడ్డప్పుడు దెబ్బ తీసుకునేది ఆ పక్కగోడే. 17కి వెళ్ళినవాళ్ళ టైర్లకి బుడగలు రావడం, రిమ్ములు వంగడం మామూలే. మన రోడ్లకి నా సలహా: రిమ్ము సైజు పెంచకండి, ఆ డబ్బుతో మంచి కంపెనీ టైరు కొనండి.

కిందికి దించే స్ప్రింగులు ఇక్కడ వద్దు. ముప్పై, నలభై మిల్లీమీటర్లు దించితే నలుగురు ఎక్కగానే కాలవ వంతెన ఎత్తు మీద బండి పొట్ట ఆనుతుంది. ఎత్తు మార్చకుండా కంపెనీదానికంటే మెరుగైన షాకబ్జార్లు వేయించుకుంటే గట్టు రోడ్డు అలల మీద బండి నిలకడ ఎంత పెరుగుతుందో నడిపిన మొదటి రోజే తెలుస్తుంది. డెల్టాలో పెట్టిన డబ్బుకి ఇంతకంటే ఎక్కువ ఆనందమిచ్చే మార్పు నాకు తెలిసి లేదు. దానికి తోడు మంచి బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు ఉంటే చాలు.

ఇక రీమ్యాప్. ఇంజన్ కంప్యూటర్లో బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్, పెట్రోలు లెక్కలు (వీటినే మ్యాప్ అంటారు) మార్చి పవర్ పెంచడమే ఇది. కంపెనీ కొంత వెసులుబాటు వదిలిపెట్టేది వేడి కోసం, నాసి పెట్రోలు కోసం, సర్వీసు ఆలస్యమయ్యే బండ్ల కోసం. ఈ మూడూ మన దగ్గర ఉన్నాయి. రోహిణీ కార్తెలో రాజమండ్రి మధ్యాహ్నం వేళ చిన్న ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) ఒకటి రెండు గట్టి పరుగులకే వేడెక్కిపోతుంది. నాక్ (సిలిండర్లో పెట్రోలు వేళ కాని వేళ పేలడం) మొదలవగానే కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగి, పెంచిన పవర్‌ని తనే తగ్గించేస్తుంది. కాబట్టి చల్లని గదిలో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద తీసిన కాగితం చూసి మురిసిపోకండి. ఇవి అడగండి: మే నెల ఎండలో రోడ్డు మీద తీసిన లాగ్ చూపిస్తారా? పాత ఫైల్ దాచి, అడిగినప్పుడు తిరిగి వేస్తారా? మ్యాప్ ఎంత ఆక్టేన్‌కి (పెట్రోలు నాక్‌ని తట్టుకునే కొలత) రాశారు? 95 ఆక్టేన్‌కి రాసిన మ్యాప్ వేయించుకుంటే, మీరు తిరిగే దారిలో ఆ పెట్రోలు దొరికే బంకు ఎక్కడుందో ముందే చూసుకోవాలి. ఇప్పుడు అంతటా వస్తున్న ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) సంగతి కూడా ట్యూనర్‌తో మాట్లాడండి. 2023కి ముందు బండ్లు దానికోసం చేసినవి కావు. రబ్బరు గొట్టాలు, సీళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాలి.

గేర్‌బాక్స్ మాట మరవద్దు. పోలో జీటీలోని ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ 250 ఎన్ఎం టార్క్ (చక్రాలని తిప్పే బలం) వరకు మోయడానికి చేసినది. కంపెనీ ఇచ్చే 175కి అది చాలా ఎక్కువ. చాలా స్టేజ్ 1 మ్యాప్‌లు (సామాన్లు మార్చకుండా చేసే మొదటి మెట్టు రీమ్యాప్) 200 దాటిస్తాయి, మిగిలే జాగా తగ్గిపోతుంది. అందుకే తక్కువ ఆర్పీఎంలో ఒక్కసారిగా టార్క్ తన్నే మ్యాప్ కంటే, మెల్లగా పెంచుకుంటూ పోయే మ్యాప్ మంచిది. మాన్యువల్ బండి క్లచ్ పాతదైతే రీమ్యాప్ అయిన వారానికే జారడం మొదలుపెట్టవచ్చు, దాని ఖర్చు కూడా కలుపుకోండి.

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక హెచ్చరిక. దాన్ని బంపర్ కిందికి దించి బిగిస్తారు. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగిరిందంటే లంక ఊళ్ళ దారులు, కాజ్‌వేలు మునుగుతాయి. కిందున్న ఫిల్టర్ నీళ్ళు పీల్చిందంటే సిలిండర్లో నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజన్ పోతుంది. బీమాలో ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేకపోతే ఆ ఖర్చు మీదే. కంపెనీ ఎయిర్ బాక్స్ ఎత్తులో ఉంటుంది, దాన్ని అలాగే ఉంచి మంచి పేపర్ ఫిల్టర్ వేయండి.

సైలెన్సర్, స్టికర్లు, స్పాయిలర్లు మీ ఇష్టం. ఊళ్ళో మోత మోగించే సైలెన్సర్ మాత్రం వద్దే వద్దు. పసిపిల్లలున్న ఇళ్ళ ముందు నుంచే కదా పోతాం.

## మూడో దారి: కొత్త హాట్ హ్యాచ్

ఇక్కడ చాలామంది అనుకునేదానికీ అంకెలు చెప్పేదానికీ తేడా ఉంది. అబార్త్ పుంటో 145 పీఎస్ (గుర్రపు బలంలో పవర్), 212 ఎన్ఎం (టార్క్). పోలో జీటీ టీఎస్ఐ 105 పీఎస్, తర్వాత వచ్చిన 1.0 టీఎస్ఐ 110 పీఎస్, రెండింటికీ 175 ఎన్ఎం. బలెనో ఆర్ఎస్ 102 పీఎస్, 150 ఎన్ఎం. వీటి తర్వాత వచ్చినవి చూడండి: ఐ20 ఎన్ లైన్ 120 పీఎస్, 172 ఎన్ఎం. 2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్ 120 పీఎస్, 170 ఎన్ఎం. అంటే పోలో నుంచి ఇటు మారితే పరుగులో పెద్ద తేడా ఉండదు, అబార్త్ నుంచి మారితే వెనక్కి వెళ్ళినట్టే. అసలైన హాట్ హ్యాచ్ గోల్ఫ్ జీటీఐ 2025లో 53 లక్షలకి వచ్చింది, మొదటి విడతలో తెచ్చినవి 150 మాత్రమే. అది ఈ చర్చలోకి రాదు.

మరి కొత్తది ఎందుకు? వారంటీ కోసం. ఆరు ఎయిర్‌బ్యాగుల కోసం. ఇ20కి తగ్గట్టు చేసిన ఇంజన్ కోసం. తుప్పు పట్టని బాడీ కోసం. ఇవి చిన్న కారణాలు కావు, కానీ "పికప్ కోసం మారుతున్నా" అనుకుని మారితే నిరాశే మిగులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1200 సీసీలోపు పెట్రోలు బండ్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. చిన్న టర్బో హ్యాచ్‌లన్నీ ఈ లెక్కలోకి వస్తాయి, మునుపటికంటే ఇది తేలికైన మాటే.

డబ్బు లెక్క ఓ ఉదాహరణగా చూద్దాం. మీ బండికి 5 లక్షలు వస్తుంది, కొత్తది ఆన్‌రోడ్ 13 లక్షలు అనుకుందాం. మిగతా 8 లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్ళు తీసుకుంటే నెలకి సుమారు 16,600 కట్టాలి. మొత్తం వడ్డీ రెండు లక్షల దగ్గర. ఆ వడ్డీ డబ్బుతోనే మొదటి దారి మొత్తం, రెండో దారిలో ముఖ్యమైనవీ అయిపోతాయి.

## నాలుగో దారి: వాడిన పెద్ద బండి

హాట్ హ్యాచ్ ప్రేమికులు ఒప్పుకోరు గానీ, మన రోడ్లకి నాకు బాగా నచ్చే దారి ఇది. వర్టస్, స్లావియాల్లోని 1.5 టీఎస్ఐ ఇంజన్ 150 పీఎస్, 250 ఎన్ఎం ఇస్తుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2651 మిల్లీమీటర్లు, పోలో కంటే సుమారు 18 సెంటీమీటర్లు ఎక్కువ. గట్టు రోడ్డు అలల మీద ఆ పొడవు తేడా నడుముకి తెలుస్తుంది. వర్టస్ నేలకి 179 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రత పరీక్షలో ఈ రెండు బండ్లకీ అయిదు నక్షత్రాలు. కొత్తవి కొంటే 40 శాతం జీఎస్టీ పరిధిలోకి వస్తాయి కాబట్టి, రెండు మూడేళ్ళ వాడిన బండి లాభం. నాలుగున్నర మీటర్ల పొడవు మాత్రం పాలకొల్లు బజార్లోనూ, మీ పెరట్లోనూ తిప్పి చూసుకున్నాకే నిర్ణయించండి.

వాడిన బండి కొనేటప్పుడు మునిగిన బండి కాదని తేల్చుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు నీట మునిగాయి. అలాంటివి శుభ్రం చేసుకుని చుట్టుపక్కల మార్కెట్లకి రావడం కొత్తేమీ కాదు. సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా బయటికి లాగండి. చివర్లో బురద గీత గానీ, చెమ్మ వాసన గానీ ఉందా చూడండి. సీటు కింద పట్టాలు, కార్పెట్ కింద మూలలు, డ్యాష్‌బోర్డ్ కింద వైర్ల కనెక్టర్లు కూడా చూపించుకోండి. మీ మెకానిక్‌ని తీసుకెళ్ళి, బండి కొనకపోయినా ఆయన రోజు కూలి ఇచ్చేయండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఆరోగ్యం చెయ్యడం | మార్పులు | కొత్త హాట్ హ్యాచ్ | వాడిన 1.5 సెడాన్ |
|---|---|---|---|---|
| గట్టు రోడ్ల మీద నిలకడ | బాగా పెరుగుతుంది | ఎత్తు మార్చకపోతే ఇంకా మేలు | బాగుంటుంది | అన్నిటికంటే మేలు |
| పికప్ | పాతది తిరిగొస్తుంది | ఎక్కువ, ఎండలో తగ్గుతుంది | పోలో కంటే కొంచెమే తేడా | స్పష్టంగా ఎక్కువ |
| తుప్పు బాధ | పైతుప్పు వరకే ఆగుతుంది | తీరదు | కొన్నేళ్ళు లేదు | చూసి కొనాలి |
| బీమా, చట్టం టెన్షన్ | లేదు | ఉంది | లేదు | కాగితాలు సరిగ్గా ఉంటే లేదు |
| అమ్మేటప్పుడు తిరిగొచ్చేది | కొంత | దాదాపు ఏమీ రాదు | మొదటి ఏళ్ళలో బాగా పడుతుంది | పడాల్సింది చాలావరకు పడిపోయింది |
| ఇంటిల్లిపాదికీ | అంతే | అంతే లేదా ఇంకా ఇబ్బంది | కొంచెం మేలు | చాలా మేలు |

## ఎవరికి ఏది

రోజూ భీమవరం నుంచి తాడేపల్లిగూడెం లాంటి దూరాలు తిరిగే ఉద్యోగస్తులకి మొదటి దారి, దానికి తోడు మంచి షాకబ్జార్లు. రీమ్యాప్ ఆలోచన ఏడాది పక్కన పెట్టండి. బండి నిలకడగా ఉంటే వేగం మీద మోజు కూడా సగం తీరిపోతుంది.

చెరువుల మీద రోజూ తిరిగే ఆక్వా రైతులకి నేను గట్టిగా చెప్పేదొకటే. హాట్ హ్యాచ్‌ని చెరువు గట్టు ఎక్కించకండి. దానికి వేరే బండి పెట్టుకుని, దీన్ని ఇంట్లో నీడన ఉంచి, నెలకోసారి అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి. అలా కుదరకపోతే తుప్పు లోపలికి దిగకముందే అమ్మేయడం నయం.

హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉంటూ బండిని ఇంటి దగ్గర వదిలిపెట్టినవాళ్ళు మార్పుల జోలికి పోవద్దు. నిలిచిపోయిన బండికి ఇ20 పెట్రోలు తేమని పట్టుకుంటుంది, బ్యాటరీ పడిపోతుంది, బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి. ట్యాంకు నిండా పెట్టి వెళ్ళండి. వారానికోసారి ఎవరితోనైనా ఇరవై, ముప్పై కిలోమీటర్లు తిప్పించండి. పండక్కి మాత్రమే నడిపే బండి మీద స్టేజ్ 1 ఖర్చు పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

మొదటి ఉద్యోగంలో ఉండి, వాడిన పోలో కొనుక్కున్న కుర్రాళ్ళు ఒక హద్దు పెట్టుకోవాలి. ఇవాళ బండి అమ్మితే ఎంత వస్తుందో అందులో అయిదో వంతు దాటి మార్పుల మీద పెట్టొద్దు. ఆ అయిదో వంతులో కూడా ముందు టైర్లు, బ్రేకులు. అవయ్యాక మిగిలితే రీమ్యాప్. డబ్బులు సరిపోక బ్రేకులు వదిలేసి పవర్ పెంచుకునే ఆలోచన ఉంటే, దయచేసి మానుకోండి. సాయంత్రం వేళ గట్టు రోడ్డు మీద గేదెలు, సైకిళ్ళు, లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కులు ఉంటాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు పడితే పదడుగుల దూరం కూడా కనిపించదు. అక్కడ మిమ్మల్ని కాపాడేది బ్రేకులే.

అబార్త్ ఉన్నవాళ్ళ పరిస్థితి ప్రత్యేకం. అంత పవర్ ఉన్న హ్యాచ్ ఆ ధరలో మళ్ళీ రాలేదు. బాడీ గట్టిగా ఉండి, మీ మెకానిక్‌కి ఆ బండి మీద పట్టు ఉంటే అట్టేపెట్టుకోండి. క్లచ్, సస్పెన్షన్ భాగాలు దొరికినప్పుడే కొని ఇంట్లో దాచండి. రోజువారీ తిరగడానికి వేరే చిన్న బండి చూసుకోండి.

పిల్లలున్న ఇంటికి నాలుగో దారి. ఎత్తుగా కూర్చోవాలని ఇంట్లో పట్టుబడితే ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ టీజీడీఐ ఓసారి నడిపి చూడండి. 130 పీఎస్, 230 ఎన్ఎం, భారత్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు, పైగా నాలుగు మీటర్లలోపు. మలుపుల్లో పోలో ఇచ్చే హాయి ఉండదు, కానీ వెనక సీట్లో ఉన్నవాళ్ళు మిమ్మల్ని తిట్టుకోరు.

## ఇచ్చేయాలని తేలితే

మార్పులు చేయించిన బండిని అలాగే అమ్మకండి. కొనేవాడు "దీన్ని ఎంత తోలాడో" అనే చూస్తాడు. కంపెనీ మ్యాప్ తిరిగి వేయించి, పాత రిమ్ములు, పాత సైలెన్సర్ బిగించి, మార్పుల సామాన్లు విడిగా అమ్మితే రెండు విధాలా మేలు. అందుకే విప్పిన ప్రతి కంపెనీ సామాన్నీ మొదటిరోజు నుంచే గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకోవాలి. సర్వీసు బిల్లులు వరసగా ఉంటే బేరంలో మీ మాట నిలుస్తుంది.

డిసెంబరులో కొత్త బండి మీద తగ్గింపు బాగుంటుంది, కానీ పది రోజులు తిరిగేసరికి అది పోయిన ఏడాది బండి అవుతుంది. ఎనిమిది, పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి అది లెక్కలోకి రాదు, తీసుకోవచ్చు. మూడేళ్ళకి మార్చేవాళ్ళు జనవరి దాకా ఆగండి.

ఏపీ 05, ఏపీ 37 నంబర్లున్న పాత బండ్లకి పదిహేనేళ్ళ గడువు ఎప్పుడు పడుతుందో ఆర్సీలో చూసుకోండి. దానికి రెండు మూడేళ్ళ ముందే అమ్మితే ధర నిలుస్తుంది. అమ్మేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కాగితాలు చేతికిచ్చేసి ఊరుకోకండి. ఆర్సీ అవతలివాళ్ళ పేరు మీదికి మారేదాకా, బండి ఎక్కడ యాక్సిడెంట్ చేసినా రిజిస్టర్లో ఉన్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారిందని ఆన్‌లైన్లో మీ కళ్ళతో చూసేదాకా వెంటపడండి.